ఆకలికి అర్హత పరీక్ష: పేదరికం మీద అమెరికా జనం మనసు

అమెరికాలో జనరల్ సోషల్ సర్వే అని ఒకటుంది. షికాగో విశ్వవిద్యాలయంలోని ఒక పరిశోధన సంస్థ 1972 నుంచి దాన్ని నడుపుతోంది. ప్రభుత్వం ఫలానా పనికి పెడుతున్న ఖర్చు ఎక్కువా, తక్కువా, సరిపోతోందా అని అందులో అడుగుతారు. 1980లలో ఆ సర్వే చేసేవాళ్లు ఒక చిన్న మార్పు చేసి చూశారు. కొందరిని 'పేదలకు సాయం' గురించి అడిగారు, మిగతావాళ్లను 'వెల్ఫేర్' (ప్రభుత్వ సంక్షేమ సాయానికి అక్కడి వాడుక పేరు) గురించి అడిగారు. పేదలకు చేస్తున్న సాయం చాలడం లేదని సుమారు మూడింట రెండొంతుల మంది అన్నారు. వెల్ఫేర్ ఖర్చు చాలడం లేదన్నవాళ్లు నాలుగో వంతు దగ్గరే ఆగిపోయారు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆ తేడా అలాగే వస్తోంది.

ఖజానా ఒకటే, డబ్బు చేరేదీ దాదాపు అవే ఇళ్లకు. మొదటి ప్రశ్న వినగానే కళ్ల ముందు మెదిలేది కష్టంలో ఉన్న మనిషి. రెండో ప్రశ్నకు మెదిలేది ఒళ్లు వంచకుండా తేరగా తినే మనిషి. ఆ దేశంలో ఆకలి గురించి జరిగే వాదనల్లో చాలా భాగం ఈ రెండు బొమ్మల మధ్యే నడుస్తుంది. అమెరికన్లకు జాలి లేదనడం అన్యాయం. పండగొస్తే చేతికి ఎముక లేనట్టు ఇచ్చేవాళ్లు అక్కడ కోట్లలో ఉన్నారు. చిక్కు వేరే చోట ఉంది. అన్నం పెట్టేముందు 'ఈ మనిషి దీనికి తగినవాడేనా' అని తేల్చుకోవాలన్న పట్టుదల ఆ సమాజంలో చాలా లోతుగా ఉంది. చట్టాలు, దరఖాస్తు ఫారాలు, బడి క్యాంటీన్ నియమాలు అన్నీ ఆ పట్టుదల నుంచే పుట్టాయి. దాని వల్ల ఎక్కువగా నష్టపోతున్నది పిల్లలు.

ముందు ఆకలి ఎంతుందో చూడాలి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం 2023లో 13.5 శాతం కుటుంబాలకు, అంటే 1.8 కోట్ల ఇళ్లకు, ఏడాదిలో ఏదో ఒక సమయంలో తిండికి భరోసా లేకుండా పోయింది. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు 4.74 కోట్ల మంది. ఈ లెక్క ఎవరి ఊహా కాదు. ఇంటింటికీ అడిగే ప్రశ్నల నుంచి వస్తుంది. 'సరుకులు అయిపోతే మళ్లీ కొనడానికి డబ్బుండదేమోనని దిగులుపడ్డారా?' అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. డబ్బు లేక పూట మానేశారా, ఆకలేసినా తినకుండా ఉన్నారా, రోజంతా పస్తున్నారా అని ఒక్కో మెట్టే దిగుతూ పోతారు. పిల్లలుంటే వాళ్ల గురించి కూడా విడిగా అడుగుతారు. చివరి మెట్ల దాకా 'అవును' అన్న కుటుంబాలు ఆ ఏడాది 5.1 శాతం. అదే దేశంలో, అదే ప్రభుత్వ శాఖ అంచనా ప్రకారం, ఆహార సరఫరాలో 30 నుంచి 40 శాతం వృథా అవుతోంది. అందువల్ల అక్కడి ఆకలికి తిండి కొరత కారణం అనడానికి వీల్లేదు. తిండి నిండుగా ఉంది, కొనే డబ్బే లేదు.

సంపన్న దేశంలో ఆకలి కరువులా కనిపించదు. నెల మొదటి రెండు వారాలు గడుస్తాయి, మూడో వారంలో ఫ్రిజ్ ఖాళీ అవుతుంది. తల్లి తనకు ఆకలి లేదని చెప్పి పిల్లల పళ్లేల్లో వడ్డిస్తుంది. అద్దె కట్టకపోతే ఇల్లు పోతుంది, కరెంటు బిల్లు కట్టకపోతే చీకటి. కోత పెట్టుకోగలిగింది తిండి ఒక్కటే, కాబట్టి కోత దాని మీదే పడుతుంది. చవగ్గా కడుపు నింపేవి కొవ్వు, చక్కెర ఎక్కువగా ఉన్న సరుకులే. దాంతో ఒకే ఇంట్లో స్థూలకాయమూ ఆకలీ కలిసి ఉంటాయి. ఎండిన డొక్కల కోసం వెతికేవాళ్లకు అవి కనిపించవు, 'ఇక్కడ ఆకలెక్కడుంది' అనేస్తారు. 2023 చివర్లో అయోవా గవర్నర్ కిమ్ రెనాల్డ్స్ వేసవి సెలవుల్లో పేద పిల్లలకు తిండి ఖర్చు ఇచ్చే పథకాన్ని వద్దన్నప్పుడు చెప్పిన కారణాల్లో పిల్లల్లో పెరుగుతున్న స్థూలకాయం ఒకటి. ఆకలి ఆనవాలునే ఆకలి లేదనడానికి సాక్ష్యంగా వాడిన సందర్భం అది.

ఒకసారి మాత్రం ఆ దేశం ఆకలిని అనుమానం లేకుండా చూసింది. 1967 ఏప్రిల్‌లో సెనేటర్లు రాబర్ట్ కెనెడీ, జోసెఫ్ క్లార్క్ మిసిసిపీ డెల్టాకు వెళ్లారు. పౌరహక్కుల న్యాయవాది మేరియన్ రైట్ వాళ్ల ముందు సాక్ష్యం చెప్పి, మీరే వచ్చి చూడండి అన్నారు. పత్తి పొలాల్లోకి యంత్రాలు, కలుపు మందులు వచ్చాక నల్లజాతి కూలీలకు పని పోయింది. ఊళ్లలో పొట్టలు ఉబ్బిన పిల్లలు, మానని పుండ్లున్న పిల్లలు కనిపించారు. ఒక ఇంట్లో నేల మీద కూర్చున్న పసిబిడ్డను కెనెడీ ఎంతసేపు పలకరించినా, బుగ్గలు నిమిరినా ఆ బిడ్డలో ఉలుకూ పలుకూ లేదు. పత్రికలు రాశాయి. మరుసటి ఏడాది సీబీఎస్ టీవీ ఆకలి మీద గంట కార్యక్రమం ప్రసారం చేసింది. 1969 మేలో రిపబ్లికన్ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ అమెరికాలో ఆకలిని శాశ్వతంగా అంతం చేసే ఘడియ వచ్చిందని కాంగ్రెస్‌కు సందేశం పంపాడు.

డెల్టాలో పరిస్థితి అంతగా దిగజారడానికి ఇంకో కారణం ఉంది, అది ఎక్కువమందికి తెలియదు. అంతకుముందు అక్కడి కౌంటీల్లో మిగులు ధాన్యం, పిండి, వెన్న ఉచితంగా పంచేవాళ్లు. వాటి బదులు ఫుడ్ స్టాంపులు, అంటే తిండి సరుకులు కొనడానికి మాత్రమే చెల్లే ప్రభుత్వ కూపన్లు, వచ్చాయి. ఆ స్టాంపులను అప్పట్లో డబ్బిచ్చి కొనుక్కోవాలి. కొంత సొమ్ము కడితే అంతకన్నా ఎక్కువ విలువైన స్టాంపులు ఇచ్చేవాళ్లు. ఉట్టినే ఇస్తే జనం చెడిపోతారన్న భయం ఆ నియమం వెనుక ఉంది. చేతిలో చిల్లిగవ్వ లేని కుటుంబానికి ఈ 'మెరుగైన' పథకం వచ్చాక ఉన్న తిండి కూడా పోయింది. ఈ కొనుగోలు షరతును చట్టం నుంచి తీసేయడానికి 1977 దాకా పట్టింది.

స్టాంపులు అసలు మొదలైన తీరు కూడా చెప్పుకోవాలి. 1939లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో తొలిసారి పెట్టి, యుద్ధకాలంలో 1943లో ఆపేశారు. 1961లో అధ్యక్షుడు జాన్ కెనెడీ మళ్లీ ప్రయోగంగా తెచ్చాడు. పశ్చిమ వర్జీనియాలోని మెక్‌డోవెల్ కౌంటీలో పని పోయిన ఒక బొగ్గు గని కార్మికుడి కుటుంబానికి, పదమూడు మంది పిల్లలున్న ఇంటికి, 95 డాలర్ల స్టాంపులు మొదటగా అందాయి. అప్పటి పత్రికల్లో పేదరికం అంటే ఇలాంటి ముఖాలే. గనులు మూతపడ్డ కొండ ప్రాంతాల తెల్లవాళ్లు. వాళ్లు సోమరులని అన్నవాళ్లు తక్కువ.

కొద్ది ఏళ్లలోనే ఆ ముఖం మారింది. రాజకీయ శాస్త్రవేత్త మార్టిన్ గిలెన్స్ అమెరికా వార్తా పత్రికల్లో పేదరికం కథనాలతో వచ్చిన ఫోటోలను ఏళ్ల వారీగా లెక్కపెట్టాడు. 1964లో ఆ ఫోటోల్లోని పేదల్లో నల్లజాతివాళ్లు 27 శాతం. 1967 నాటికి 72 శాతం. నిజ జీవితంలో పేదల్లో వాళ్ల వాటా 30 శాతం దరిదాపుల్లోనే ఉంది. అంతకన్నా బాధ కలిగించే విషయం ఇంకోటి ఆయన చూశాడు. ముసలివాళ్ల గురించి, పని చేస్తూ కూడా పేదలుగా ఉన్నవాళ్ల గురించి సానుభూతితో రాసిన కథనాల్లో తెల్ల ముఖాలు ఎక్కువ. దుర్వినియోగం గురించి, పని చేయనివాళ్ల గురించి రాసినప్పుడు నల్ల ముఖాలు ఎక్కువ. ఏ సంపాదకుడూ పనిగట్టుకుని కుట్ర చేసి ఉండకపోవచ్చు. కానీ ఇరవై, ముప్పై ఏళ్లు అవే బొమ్మలు చూస్తే పాఠకుడి మనసులో 'వెల్ఫేర్' అంటే ఎవరో స్థిరపడిపోతుంది. సర్వేల్లో కనిపించే ఆ తేడాకు పెద్ద కారణం ఇదేనని గిలెన్స్ వాదన. సాక్ష్యాలు చూస్తే అది కాదనడం కష్టం.

1976 ఎన్నికల ప్రచారంలో రోనాల్డ్ రీగన్ ఊరూరా ఒక కథ చెప్పేవాడు. షికాగోలో ఒక మహిళ 80 పేర్లు, 30 చిరునామాలు, 12 సోషల్ సెక్యూరిటీ కార్డులు పెట్టుకుని, పన్ను లేకుండా ఏడాదికి లక్షా యాభై వేల డాలర్లు లాగుతోందని. అలాంటి మోసగత్తె ఒకరు నిజంగానే ఉన్నారు. కానీ ఆమె మీద కోర్టులో రుజువైంది సుమారు 8 వేల డాలర్ల మోసం. ఆమె నేరస్తురాలు, సగటు పేద తల్లి కాదు. అయినా ఆ కథ లక్షల మంది తల్లుల మెడకు చుట్టుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1996 ఆగస్టులో, డెమోక్రాట్ అయిన బిల్ క్లింటన్ సంతకంతో 1935 నాటి నగదు సాయం పథకం రద్దయింది. దాని స్థానంలో వచ్చిన పథకానికి జీవితం మొత్తం మీద అయిదేళ్ల పరిమితి, పని షరతులు పెట్టారు. 1996లో పిల్లలున్న ప్రతి 100 పేద కుటుంబాల్లో 68కి నగదు సాయం అందేది. ఇప్పుడు 20 దరిదాపుల్లోనే అందుతోంది. మిగిలిన ఇళ్లకు ఆసరా అంటూ ఏదైనా ఉంటే అది ఫుడ్ స్టాంపుల సాయమే.

ఐరోపాతో పోల్చితే ఈ మనస్తత్వం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2001లో ఆర్థికవేత్తలు అల్బెర్టో అలెసీనా, ఎడ్వర్డ్ గ్లేజర్, బ్రూస్ సాసర్‌డోట్ ప్రపంచ విలువల సర్వే సమాచారం పట్టి చూశారు. పేదలు సోమరులని నమ్మేవాళ్లు ఐరోపాలో 26 శాతం, అమెరికాలో 60 శాతం. సోమరితనం నిజంగా ఐరోపాలో తక్కువ, అమెరికాలో ఎక్కువ అని దీని అర్థం కాదు. కష్టపడితే ఎవరైనా పైకొస్తారన్న నమ్మకం అమెరికాకు గర్వకారణం. ఆ నమ్మకాన్ని తిరగేస్తే, పైకి రానివాడు కష్టపడలేదన్నమాట. కొత్తగా వచ్చిన వలసవాళ్లూ, వాళ్ల పిల్లలూ కూడా ఈ నమ్మకాన్ని త్వరగా ఒంటబట్టించుకుంటారు. 'నేను చేయగలిగాను, వాళ్లెందుకు చేయలేరు' అన్న మాట కష్టపడి పైకొచ్చిన ప్రతి ఇంట్లోనూ సులువుగానే వస్తుంది.

నిజానికి అమెరికాలో పేదలంటే ఒక స్థిరమైన గుంపు కాదు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ ర్యాంక్ దశాబ్దాలపాటు ఒకే కుటుంబాలను అనుసరించిన సమాచారం ఆధారంగా లెక్కగట్టాడు. 20 ఏళ్ల వయసుకీ 75కీ మధ్య దాదాపు 60 శాతం అమెరికన్లు కనీసం ఒక్క ఏడాదైనా దారిద్ర్యరేఖ కింద గడుపుతారు. ఇరవై ఏళ్లు నిండేలోగా దాదాపు సగం మంది పిల్లలు ఏదో ఒక సమయంలో ఫుడ్ స్టాంపులు అందుకునే ఇంట్లో ఉంటారు. ఉద్యోగం పోవడం, విడాకులు, జబ్బు, ఆస్పత్రి బిల్లు, బిడ్డ పుట్టడం వంటి మామూలు సంఘటనలే కిందికి లాగుతాయి. చాలామంది కొద్దికాలానికే బయటపడతారు, తర్వాత ఆ రోజుల గురించి ఎవరికీ చెప్పరు. గుట్టుగా ఉంచుకోవాల్సిన అవమానంగా చూస్తారు కాబట్టి, పక్కింటివాళ్లు కూడా అదే దారిలో నడిచారని ఎవరికీ తెలియదు. దాంతో పేదవాడు అంటే ఎప్పుడూ ఎవరో పరాయివాడే.

పనికీ పేదరికానికీ పొసగదన్న ఊహ కూడా నిలవదు. కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం 2009 జూలై నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉంది. టిప్పులు వచ్చే ఉద్యోగాలకు యజమాని కచ్చితంగా ఇవ్వాల్సింది 1991 నుంచి గంటకు 2.13 డాలర్లు, టిప్పులు కలిపినా కనీస వేతనం రాకపోతే మిగతాది ఇవ్వాలి. చాలా రాష్ట్రాలు తమ చట్టాలతో ఇంతకన్నా ఎక్కువ ఇస్తున్నాయి, ఇవ్వని రాష్ట్రాలూ చాలానే ఉన్నాయి. 7.25 చొప్పున ఏడాదంతా వారానికి 40 గంటలు చేస్తే వచ్చేది 15 వేల డాలర్ల పైచిలుకు. నలుగురున్న కుటుంబానికి 2025లో ప్రభుత్వం నిర్ణయించిన దారిద్ర్య ప్రమాణం 32,150 డాలర్లు. ఆ రేఖ కూడా ఉదారంగా గీసిందేమీ కాదు. 1960ల మొదట్లో ప్రభుత్వ ఉద్యోగి మోలీ ఒర్షాన్‌స్కీ అతి పొదుపైన భోజన ఖర్చును మూడుతో హెచ్చించి దానికి పునాది వేశారు. అప్పట్లో కుటుంబాలు ఆదాయంలో మూడో వంతు తిండికి పెట్టేవి. ఇప్పుడు అద్దె, వైద్యం, పిల్లల సంరక్షణ మింగేసేది వేరే. రేఖ మాత్రం ఆ పాత పునాది మీదే, ధరల పెరుగుదల కలుపుకుంటూ వస్తోంది.

ఫుడ్ స్టాంపుల పేరు 2008లో స్నాప్ అని మారింది. అంతకుముందే కాగితపు కూపన్ల స్థానంలో డెబిట్ కార్డు లాంటిది వచ్చింది. కౌంటర్ దగ్గర అందరి ముందూ రంగు కూపన్లు చించే సిగ్గు తప్పింది, ఇది నిజంగా మంచి మార్పు. సగటున మనిషికి రోజుకు ఆరు డాలర్ల చొప్పున వస్తుంది. సూపర్‌మార్కెట్లో ఆ కార్డుతో ఏం కొనొచ్చో చూస్తే ఆ సమాజం మనసు అర్థమవుతుంది. పచ్చి కోడిమాంసం కొనొచ్చు. అదే దుకాణంలో కాల్చి వేడిగా పెట్టిన కోడి కొనకూడదు. ఆ కాల్చిన కోడే చల్లబడి ఫ్రిజ్ అరలోకి చేరితే మళ్లీ కొనొచ్చు. సబ్బు, టాయిలెట్ పేపర్, పసిపిల్లల డైపర్లు, నెలసరి ప్యాడ్లు ఏవీ రావు. రెండు షిఫ్టులు చేసి రాత్రి తొమ్మిదికి బస్సు దిగిన తల్లికి, వంటగది లేని మోటల్ గదిలో ఉంటున్న కుటుంబానికి, ఆ వేడి కోడి పిల్లల భోజనం. బిల్లింగ్ దగ్గర మెషిన్ ఆ వస్తువును ఒప్పుకోకపోతే దాన్ని తీసి పక్కన పెట్టాలి. వెనక వరసలో ఉన్నవాళ్ల కళ్లు ట్రాలీ మీదే ఉంటాయి. మాంసం ముక్క కాస్త ఖరీదైనదైనా, పుట్టినరోజు కేక్ ఉన్నా, 'నా పన్ను డబ్బుతోనా' అన్న చూపు తగులుతుంది. కార్డు వాడేవాళ్లు రాత్రి పొద్దుపోయాక, జనం లేనప్పుడు దుకాణానికి వెళ్లడం వెనుక ఉన్న కారణం ఇదే.

మోసం జరుగుతుందన్న భయం ఎంత పెద్దదో, దానికి ఆధారం అంత చిన్నది. కార్డులోని సొమ్మును దుకాణదారుతో కుమ్మక్కై నగదుగా మార్చుకునే మోసం 2012-14 మధ్య డాలరుకు ఒకటిన్నర సెంట్లని వ్యవసాయ శాఖే అంచనా వేసింది. స్నాప్ అందుకునేవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది పిల్లలు, ముసలివాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు. మిగిలినవాళ్లలో చాలామంది పనిచేస్తున్నవాళ్లో, ఉద్యోగం మారే మధ్యలో ఉన్నవాళ్లో. పని చేస్తేనే సాయం అనే షరతుల వల్ల ఏం జరుగుతుందో వర్జీనియా రాష్ట్రంలో ఆర్థికవేత్తలు గట్టిగా పరిశీలించారు. షరతు తిరిగి అమల్లోకి వచ్చాక ఆ షరతు వర్తించేవాళ్లలో సగానికి పైగా పథకం నుంచి బయటికి పోయారు. ఉద్యోగాలు పెరిగిన జాడ మాత్రం దొరకలేదు. కాగితాలు సమయానికి పెట్టలేకపోయినవాళ్లు, గంటలు నిలకడగా దొరకని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, తల మీద నీడ లేనివాళ్లు ముందుగా రాలిపోతారు. ఇంత తెలిసినా 2025 జూలై 4న సంతకమైన చట్టం ఆ షరతును 64 ఏళ్ల వయసు దాకా, 14 ఏళ్లు నిండిన పిల్లలున్న తల్లిదండ్రులకూ పొడిగించింది. మాజీ సైనికులకు, నిరాశ్రయులకు ఉన్న మినహాయింపులు తీసేసింది.

ప్రభుత్వ పథకం మీద ఇంత అనుమానం ఉన్న సమాజమే, దానంగా వచ్చిన తిండిని పంచే ఫుడ్ బ్యాంకులను గుండెలకు హత్తుకుంది. మొదటిది 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ చొరవతో పుట్టింది. దుకాణాల వెనుక చెత్త డబ్బాల్లో పడేసిన తిండి ఏరి పిల్లలను పోషిస్తున్న ఒక తల్లి, డబ్బుకు బ్యాంకు ఉన్నట్టు తిండికీ ఉంటే బాగుండేదని ఆయనతో అన్నదట. 1980ల మొదట్లో సంక్షేమానికి కోతలు పడుతున్న సమయంలో, రీగన్ ప్రభుత్వం గోదాముల్లో బూజు పడుతున్న మిగులు చీజ్ పంచడం మొదలుపెట్టింది. ఫుడ్ బ్యాంకులు, చర్చి వంటశాలలు తాత్కాలిక ఏర్పాటుగా దేశమంతా వెలిశాయి. ఆ తాత్కాలికం శాశ్వతమైంది. ఇప్పుడు ఫీడింగ్ అమెరికా అనే ఒక్క సంస్థ కిందే సుమారు 200 ఫుడ్ బ్యాంకులు, 60 వేల దాకా పంపిణీ కేంద్రాలు ఉన్నాయి.

ఇక్కడ పనిచేసే స్వచ్ఛంద సేవకుల మంచి మనసును శంకించే పని లేదు. 2020 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక్క రోజే దాదాపు పదివేల కుటుంబాలు కార్లలో బారులు తీరినప్పుడు వాళ్లను ఆదుకున్నది ఇలాంటి సేవకులే. కానీ దానానికి ఉన్న ఆకర్షణ ఏమిటో గమనించాలి. ఇచ్చేవాడికి తన చేత్తో ఇచ్చిన తృప్తి కళ్ల ముందే దొరుకుతుంది. కంపెనీకి అమ్ముడుపోని సరుకు వదిలిపోతుంది, పన్ను రాయితీ వస్తుంది. పుచ్చుకునేవాడు ఏది ఇస్తే అది తీసుకోవాలి, ఎప్పుడు ఇస్తే అప్పుడు రావాలి, కృతజ్ఞతగా ఉండాలి. థాంక్స్‌గివింగ్‌కీ క్రిస్మస్‌కీ నిండిన అరలు జనవరి తర్వాత పలచబడతాయి, ఆకలికి మాత్రం సెలవు ఉండదు. ఇక పరిమాణం. తమ వ్యవస్థ ఒక్క భోజనం పెడితే స్నాప్ తొమ్మిది భోజనాలు పెడుతుందని ఫీడింగ్ అమెరికానే చెబుతుంది. స్నాప్‌లో పదో వంతు కోస్తే దాన్ని పూడ్చడానికి ఫుడ్ బ్యాంకులన్నీ దాదాపు రెట్టింపు కావాలి. దానం ఉంది కదా, ప్రభుత్వం ఎందుకు అనేవాళ్లు ఈ ఒక్క లెక్క చూస్తే చాలు.

తిండి హక్కు అన్న మాటకు ఆ దేశం అధికారికంగా కూడా దూరంగానే ఉంది. ఆర్థిక, సామాజిక హక్కుల అంతర్జాతీయ ఒప్పందం మీద 1977లో సంతకం చేసినా ఇంతవరకు ఆమోదించలేదు. 2021లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఆహార హక్కు తీర్మానానికి 186 దేశాలు అనుకూలంగా ఓటేస్తే, వ్యతిరేకించినవి అమెరికా, ఇజ్రాయెల్ రెండే.

పిల్లల విషయంలోనైనా ఈ అర్హత పరీక్ష సడలుతుందని ఎవరైనా అనుకుంటారు. సడలదు, తల్లిదండ్రుల మీద కోపం పిల్లల పళ్లెం మీదకు దిగుతుంది. 1946 నుంచి బడి భోజన పథకం ఉంది. పేద పిల్లలకు ఉచితం, కాస్త పైనున్నవాళ్లకు తగ్గింపు ధర, మిగతావాళ్లు పూర్తి ధర కట్టాలి. ఆ గీతకు కాస్త పైన ఉన్న ఇళ్లే ఎక్కువగా నలుగుతాయి. ఖాతాలో డబ్బు అయిపోతే బాకీ పడుతుంది. 2014 జనవరిలో యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీలోని ఒక ప్రాథమిక పాఠశాలలో బాకీ ఉన్న పిల్లల చేతుల్లోంచి సుమారు నలభై ట్రేలు లాక్కుని, ఒకసారి వడ్డించింది మరొకరికి ఇవ్వకూడదు కాబట్టి ఆ భోజనాన్ని చెత్తలో పారేశారు. ఆ పిల్లలకు ఒక పండు, పాలు ఇచ్చి పంపారు. తిండి ఉంది, వండారు, వడ్డించారు. అయినా పడేశారు. దేశమంతా గగ్గోలు లేచింది. కొన్ని చోట్ల పిల్లల చేతి మీద 'భోజనం డబ్బులు కావాలి' అని ముద్ర కొట్టేవాళ్లు, ఇంకొన్ని చోట్ల బల్లలు తుడిపించేవాళ్లు. 2017లో న్యూ మెక్సికో ఇలా పిల్లలను అవమానించడాన్ని నిషేధిస్తూ తొలి రాష్ట్ర చట్టం తెచ్చింది.

వేసవి సెలవుల్లో బడి భోజనం ఉండదు కాబట్టి ఒక్కో పిల్లవాడికి నెలకు 40 డాలర్ల చొప్పున మూడు నెలలు ఇచ్చే కేంద్ర పథకం 2024లో మొదలైంది. పదికి పైగా రాష్ట్రాలు మొదట వద్దన్నాయి. నెబ్రాస్కా గవర్నర్ జిమ్ పిలెన్ తనకు వెల్ఫేర్ మీద నమ్మకం లేదని సూటిగానే చెప్పాడు. కొన్ని వారాలకే మనసు మార్చుకుని పథకంలో చేరాడు. మధ్యలో ఆయన రాష్ట్రంలోని యువతతో మాట్లాడాడు, వేసవిలో తిండి దొరకక పడే ఇబ్బంది విన్నాడు. మనసు మారే మనుషులున్నారని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. ఏ నివేదికా చేయలేని పని ఎదుటి మనిషి మాట చేసింది.

జనాభిప్రాయం కూడా ఒకేచోట ఆగి లేదు. 2020లో ప్యూ పరిశోధన కేంద్రం ప్రచురించిన సర్వేలో, మనిషి పేదగా ఉండటానికి పెద్ద కారణం ఇతరుల కన్నా ఎక్కువ అడ్డంకులు ఎదురుకావడమేనని పదిమందిలో ఏడుగురు అన్నారు. కష్టపడకపోవడమే కారణం అన్నవాళ్లు నాలుగో వంతు. పార్టీల మధ్య, వయసుల మధ్య పెద్ద తేడాలున్నా, 1960లు, 70లతో పోలిస్తే ఇది చాలా దూరం వచ్చినట్టే. కానీ చట్టాలు రాసేటప్పుడు వినిపించే గొంతు ఆ ఏడుగురిది కాదు. 2021లో ఇది బాగా తెలిసింది. కోవిడ్ సాయంలో భాగంగా పిల్లల పన్ను రాయితీని పెంచి, ఆదాయం లేని తల్లిదండ్రులకు కూడా జూలై నుంచి డిసెంబరు దాకా నెల నెలా సగం సొమ్ము బ్యాంకులో వేశారు. ఆరేళ్ల లోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, పెద్ద పిల్లలకు 3,000. పని షరతు లేదు, ఇంటర్వ్యూ లేదు. ప్రభుత్వ సాయాలన్నీ లెక్కలోకి తీసుకునే కొలమానం ప్రకారం పిల్లల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి, అప్పటిదాకా నమోదైన వాటిలో అతి తక్కువకు పడిపోయింది. ఆ పథకాన్ని పొడిగించాలంటే సెనేట్‌లో ఒక్క ఓటు కావాలి. పశ్చిమ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ పని షరతు లేకుండా కుదరదన్నాడు. 1961లో తొలి స్టాంపులు అందిన రాష్ట్రం అదే. పథకం ఆగిపోయింది, 2022లో పిల్లల పేదరికం 12.4 శాతానికి ఎగబాకింది. ఒక్క ఏడాదిలో రెట్టింపు కన్నా ఎక్కువ. పేదరికం అంతుపట్టని జబ్బు అని వాదించేవాళ్లకు ఈ రెండు అంకెలు చూపించాలి. మందు ఉందని తెలిసింది. వేశారు, పనిచేసింది, ఆపేశారు.

2025 శరదృతువులో ఈ ధోరణులన్నీ ఒకేసారి బయటపడ్డాయి. సెప్టెంబరులో వ్యవసాయ శాఖ తన వార్షిక ఆకలి నివేదికను ఇకపై తేబోమని ప్రకటించింది. 1990ల నుంచి పార్టీలకు అతీతంగా వస్తున్న లెక్క అది. ఖర్చులకు కాంగ్రెస్ ఆమోదం దొరకక అక్టోబరు 1న ప్రభుత్వ కార్యకలాపాలు చాలావరకు మూతపడ్డాయి. నవంబరులో సుమారు 4.2 కోట్ల మంది స్నాప్ కార్డుల్లో పడాల్సిన డబ్బు ఆగింది, కోర్టుల్లో కేసులు నడిచాయి. ఫుడ్ బ్యాంకుల ముందు క్యూల్లో జీతం రాని ప్రభుత్వ ఉద్యోగులు కూడా నిలబడ్డారు. ఎన్నో హోటళ్లు స్నాప్ కార్డు ఉన్న పిల్లలకు ఉచితంగా భోజనం పెట్టాయి. అదే వారాల్లో సోషల్ మీడియాలో, స్నాప్ డబ్బు రాలేదని దుకాణాల్లో అరిచి గోల చేస్తున్న మహిళల వీడియోలు తిరిగాయి. వాటిలో చాలా కృత్రిమ మేధతో తయారుచేసిన నకిలీలు. వాటిలో కనిపించిన మహిళ 1976 ప్రచారంలో వినిపించిన మహిళే. ఈసారి ఆమెను పుట్టించడానికి ఒక నిజమైన మోసగత్తె కూడా అవసరం పడలేదు.

కోవిడ్ కాలంలో రెండేళ్లు ప్రతి బడిలో ప్రతి పిల్లవాడికీ భోజనం ఉచితంగా పెట్టారు. అది ముగిశాక కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రాలు సొంత డబ్బుతో కొనసాగించాయి, మిన్నెసోటా, మిషిగన్ వంటివి తర్వాత చేరాయి. అందరికీ పెట్టినప్పుడు బాకీ ఉండదు, ఫారం ఉండదు, ఎవరి తండ్రి ఏం సంపాదిస్తాడో క్యాంటీన్‌లో ఎవరికీ తెలియదు. డబ్బున్నవాళ్ల పిల్లలకు కూడా ఉచితంగా ఎందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. ఆ డబ్బున్న ఇళ్ల నుంచే పన్ను రూపంలో తీసుకోవచ్చన్నది కొలరాడో ఎంచుకున్న దారి. 2022లో అక్కడి ఓటర్లు మూడు లక్షల డాలర్లకు పైగా ఆదాయం ఉన్న కుటుంబాల మీద పన్ను రాయితీలు తగ్గించి, ఆ సొమ్ముతో బడి పిల్లలందరికీ భోజనం పెట్టడానికి ఒప్పుకున్నారు. వసూలైన డబ్బు చాలలేదు. 2025 నవంబరు 4న, దేశమంతటా స్నాప్ కార్డులు ఖాళీగా ఉన్న వారంలో, ఆ పన్నును ఇంకాస్త పెంచే ప్రతిపాదన మళ్లీ ఓటుకు వచ్చింది. మిగిలిన సొమ్ము రాష్ట్రంలో స్నాప్‌కు వాడుకోవచ్చన్న నిబంధన కూడా అందులో ఉంది. ఓటర్లు దాన్ని గెలిపించారు.